9440 నంబర్ల నిరీక్షణ

మన సంఘాల్లో సభ్యుల చిరునామాల పుస్తకం ఒకసారి తీసి చూడండి. 9440, 9441, 9490 అంకెలతో మొదలయ్యే ఫోను నంబర్లు ఇప్పటికీ చాలానే కనిపిస్తాయి. లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల్లో, ముఖ్యంగా రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కుటుంబాల్లో ఇవి మరీ ఎక్కువ. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్‌వన్ పేరుతో మొబైల్ సేవ ప్రారంభించిన కొత్తలో ఆ సిమ్ము దొరకడమే గొప్ప. ఆ నంబరుతోనే పిల్లల పెళ్ళిళ్ళు కుదిరాయి, బ్యాంకు ఖాతాలు తెరిచారు, ఆధార్ తీసుకున్నారు, పెన్షను కాగితాలు నింపారు. ఇప్పుడది ఫోను నంబరుగా మాత్రమే లేదు, మనిషికి రెండో ఇంటిపేరులా అయిపోయింది.

ఈ నంబర్ల వాళ్ళ నోట ఇప్పుడు ఆశ, విసుగు రెండూ వినబడుతున్నాయి. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ నెట్‌వర్క్‌ను జాతికి అంకితం చేశారు. సుమారు 37 వేల కోట్ల రూపాయల ఖర్చుతో 97,500కు పైగా టవర్లు సిద్ధమయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. సీడాట్ సంస్థ తయారుచేసిన కోర్, తేజస్ నెట్‌వర్క్స్ వారి రేడియో పరికరాలు, అన్నిటినీ కలిపి నిలబెట్టే పని టీసీఎస్‌ది. ఇటువంటి పరికరాలను సొంతంగా చేసుకున్న కొద్ది దేశాల్లో మనదీ ఒకటి. ఇది నిజంగా చెప్పుకోదగిన పని. చెప్పుకొని ఊరుకుంటే మాత్రం సరిపోదు. ప్రైవేటు కంపెనీ ఒకటి 2016 సెప్టెంబరులో దేశమంతటా 4జీ తెచ్చింది. ప్రభుత్వ కంపెనీ అదే మెట్టు ఎక్కేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆలస్యం ఎందుకయిందో అడిగే హక్కు మనకుంది, ఎందుకంటే సొమ్ము మనదే. 4జీకి కావలసిన స్పెక్ట్రమ్ బీఎస్ఎన్ఎల్‌కు ఇస్తామని కేంద్రం తేల్చిందే 2019 అక్టోబరులో, దాదాపు 69 వేల కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీతో పాటు. 2020లో పరికరాల కోసం టెండరు పిలిచారు. సరిహద్దులో చైనాతో ఘర్షణ జరిగిన ఆ సంవత్సరంలో ఆ టెండరును రద్దుచేసి, మన దేశపు పరికరాలే కావాలన్నారు. అవి అప్పటికి తయారుగా లేవు. తయారుచేసి, పరీక్షించి, టీసీఎస్ బృందానికి ఆర్డరు ఇచ్చేసరికి 2023 మే వచ్చింది. ఈలోగా 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో 89 వేల కోట్లు అంటూ మరి రెండు ప్యాకేజీలు. స్వదేశీ పరికరాలన్న నిర్ణయాన్ని మేము తప్పుపట్టము. కాని ఆ నిర్ణయం వెల చెల్లించినవాడు ఢిల్లీలో ఫైలు మీద సంతకం పెట్టినవాడు కాదు. నెలనెలా రీచార్జి చేస్తూ 2జీ, 3జీ మీద ఓపికపట్టిన సామాన్యుడు.

ఇక విసుగు సంగతి. కొత్త టెక్నాలజీ వచ్చాక సేవ బాగుపడాలి గదా, ముందున్నది కూడా పాడయిందేమని చాలామంది అడుగుతున్నారు. లాలాగూడ వారికి దీనిని రైలు భాషలో చెప్పడం సులువు. 1893 నుండి బోగీలు బాగుచేస్తున్న వర్క్‌షాపు నీడలో పెరిగినవారు గదా. సికింద్రాబాదు నుండి మహబూబ్‌నగర్ వైపు, నిజామాబాదు వైపు వెళ్ళేవి ఒకప్పుడు మీటరు గేజి లైన్లు. వాటిని బ్రాడ్‌గేజికి మార్చే రోజుల్లో ఎన్ని బండ్లు రద్దయ్యాయో, ఎందరు బస్సులు పట్టుకొని వెళ్ళారో పెద్దలకు గుర్తుంటుంది. పాత పట్టా తీయకుండా అదే గట్టు మీద కొత్త పట్టా వేయలేరు.

ఇక్కడ జరుగుతున్నదీ దాదాపు అదే. 3జీకి వాడిన 2100 మెగాహెర్ట్జ్ తరంగాలనే 4జీకి మళ్ళించాలి. మళ్ళించిన చోట పాత 3జీ ఫోనుకు పట్టా తీసేసినట్టే. డేటా పోయి ఆ ఫోను 2జీకి దిగిపోతుంది. 4జీలో మాట వినబడాలంటే ఫోనులో వోల్టీ సదుపాయం ఉండాలి, అది ఆన్‌చేసి ఉండాలి. లేకపోతే కాల్ వచ్చిన ప్రతిసారీ ఫోను 2జీలోకి దిగి, తిరిగి పైకెక్కాలి. ఆ దిగి ఎక్కడంలోనే కొన్ని కాల్స్ జారిపోతాయి. ఇంకొకటి, బీఎస్ఎన్ఎల్‌కు 700 మెగాహెర్ట్జ్ తరంగాలు కూడా ఉన్నాయి. అవి దూరం పోతాయి, మందపాటి గోడలను దాటుతాయి. పాత రైల్వే క్వార్టర్లలో ఉన్నవారికి అదే మేలు. అయితే కొన్నేళ్ళ క్రితం కొన్న చాలా ఫోన్లు ఆ తరంగాలను పట్టుకోలేవు. అటువంటి ఫోనున్నవారి ఇంటి ముందే టవరు నిలబడినా సగం ప్రయోజనమే.

ఇది అర్థమైతే ఓపిక కొంత వస్తుంది. కాని ఓపిక కస్టమరు వంతు, డబ్బులు కంపెనీ వంతు అన్న లెక్క న్యాయం కాదు. రైలు రద్దయితే టిక్కెట్టు సొమ్ము వెనక్కి ఇస్తారు. ప్రీపెయిడ్ ఫోనులో మనము ముందే చెల్లిస్తాము, సేవ తర్వాత అందుతుంది. 2024 అక్టోబరు 1 నుండి అమలైన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో పెద్ద ఎత్తున నెట్‌వర్క్ ఆగిపోయి 24 గంటలు దాటితే పోస్టుపెయిడ్ వారికి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలి. మంచి నిబంధనే, కొలత మాత్రం చాలా పెద్దది. జిల్లా అంతా మూగపోతే తప్ప అది వర్తించదు. ఒక వీధిలో, ఒక క్వార్టర్ల వరుసలో వారం రోజులు సిగ్నల్ లేకపోయినా ఆ నిబంధన కన్ను తెరవదు. టవరు వారీగా ఈ లెక్క కట్టడం కంపెనీలకు కష్టమని మేము అనుకోము. ఏ టవరు ఎంతసేపు ఆగిందో నిమిషాలతో సహా వారి కంప్యూటర్లలో ఉంటుంది.

ఆశ ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచాయి. 28 రోజులకు 239 రూపాయలున్న జియో ప్లాను 299 అయింది. (నెల అంటే 28 రోజులన్న లెక్క ఎవరు కనిపెట్టారో గాని, దానివల్ల సంవత్సరానికి పదమూడు రీచార్జిలయ్యాయి.) అయిదుగురున్న ఇంట్లో అయిదు ఫోన్లు. కూలి పనికి, ఇళ్ళలో పనికి వెళ్ళే కుటుంబాలకు అది చిన్న భారం కాదు. ధర పెంచనిది ప్రభుత్వ కంపెనీ ఒక్కటే. ఆ ఒక్క జూలైలోనే సుమారు 29 లక్షలమంది మొబైల్ చందాదారులు బీఎస్ఎన్ఎల్‌కు పెరిగారని ట్రాయ్ లెక్కలు చెప్పాయి. ఆగస్టులో మరో 25 లక్షలు. వచ్చినవారు నిలిచారా? నవంబరు నాటికే లెక్క తిరగబడింది, సంఖ్య మళ్ళీ తగ్గడం మొదలైంది. ధర చూసి వచ్చారు, సిగ్నల్ చూసి వెళ్ళారు. 2025 ఆగస్టులో ఒక్క రూపాయికే 30 రోజుల 4జీ అంటూ కొత్తవారిని మళ్ళీ పిలిచారు. పిలవడం సులభమే. కూర్చోబెట్టి వడ్డించడంలోనే ఉన్నది కష్టం.

అయినా బీఎస్ఎన్ఎల్ నిలబడాలని మేము కోరుకుంటాము. దాని మీద ప్రేమతో మాత్రమే కాదు. అది బజారులో ఉన్నంతకాలం మిగతావారి ధరలకు ఒక పగ్గం ఉంటుంది. మన సువార్తికులు, ఉపాధ్యాయులు పనిచేసే ఆదిలాబాదు, భద్రాద్రి, పాడేరు వైపు కొండగ్రామాలకు లాభం చూసుకొని వెళ్ళే కంపెనీ ఏదీ తొందరపడదు. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని కేంద్రం 2022 జూలైలో 26,316 కోట్లు మంజూరుచేసి ఆ పని బీఎస్ఎన్ఎల్‌కే అప్పగించింది. అక్కడ పాము కరిచినవాడికి 108కు ఫోను కలవడమన్నది సౌకర్యం కాదు, ప్రాణం.

నష్టం ఎక్కువగా ఎవరికి తగులుతుందో మందిర వాకిట నిలబడితే తెలుస్తుంది. యౌవనస్థులకు రెండు సిమ్ములుంటాయి, ఒకటి పోతే ఇంకొకటి. ఒక్క సిమ్ము, ఒక్క కీప్యాడు ఫోను ఉన్న విధవరాలి సంగతి వేరు. నవంబరులో జీవన్ ప్రమాణ్ పత్రం ఇవ్వాలంటే ఓటీపీ రావాలి. గ్యాసుకు ఓటీపీ, బ్యాంకుకు ఓటీపీ. ఆ ఆరంకెలు సమయానికి రాకపోతే క్యూలో వెనుకవాడు విసుక్కుంటాడు, కౌంటరులో ఉన్నవాడు రేపు రమ్మంటాడు. ఆమెకు రేపు రావడమంటే మళ్ళీ ఆటో చార్జీలు. ఏ కంపెనీ సిమ్ము అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఈ దృశ్యం అన్ని కంపెనీలదీ. మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు తప్పనిసరిగా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. డేటా వాడని పెద్దలకు అవి ఉన్నాయి. అడిగితే తప్ప దుకాణదారుడు చెప్పడు, ధరలో తగ్గింపు కూడా మనము ఆశించినంత లేదు.

మనము కోపంతో తిట్టేది ఎవరిని? కౌంటరు వెనుక కూర్చున్నవారినే గదా. 2020 జనవరి 31న 78 వేలమందికి పైగా బీఎస్ఎన్ఎల్ ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణతో ఒకేరోజు వెళ్ళిపోయారు. అంతకు ముందు సంవత్సరం జీతాలే ఆలస్యమయ్యాయి, కాంట్రాక్టు కార్మికులకైతే నెలల తరబడి అందలేదు. పనివారి కూలి బిగబట్టడం ఎంత దోషమో యాకోబు పత్రిక చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. మిగిలినవారి మీద మునుపటి పని, కొత్త నెట్‌వర్క్ పని రెండూ పడ్డాయి. వారితో గొంతు పెంచి సాధించేది లేదు. అట్లాగని ఫిర్యాదు మానమని చెప్పడం లేదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం విడవని విధవరాలి ఉపమానం మనకు తెలిసినదే.

ఆ గుమ్మాలు ఎక్కడున్నాయో చాలామందికి తెలియదు. మొదట కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేకపోతే ఫిర్యాదు లేనట్టే. పరిష్కారం రాకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, 30 రోజుల్లో అక్కడికి వెళ్ళవచ్చు, ఖర్చు లేదు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను తెలుగులో కూడా మాట్లాడుతుంది. టెలికం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. ఇక కంపెనీ మారదలచినవారు మారే ముందు ఆ కంపెనీ వెబ్‌సైటులో కవరేజి మ్యాపు చూడాలి, 2025 ఏప్రిల్ నుండి అందరూ దానిని పెట్టవలసి ఉన్నది. పక్కింటివారిని అడగడం ఇంకా నమ్మకం. ఒకసారి మారితే 90 రోజుల దాకా మళ్ళీ మారలేరు. సిమ్ము మార్చుకున్న ఏడు రోజుల లోపు పోర్టు కోడు రాదు, మోసాలు ఆపడానికి 2024 జూలైలో తెచ్చిన నియమమిది.

మోసాల మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. "మీ సిమ్ము 4జీకి మారుతోంది, రాత్రికి ఆగిపోతుంది, వచ్చిన ఓటీపీ చెప్పండి" అని ఫోను చేసేవాడు ఏ కంపెనీ మనిషీ కాడు. పాత సిమ్ముకు బదులు 4జీ సిమ్మును బీఎస్ఎన్ఎల్ తన సర్వీసు సెంటర్లలో ఉచితంగా ఇస్తూ వచ్చింది. ఆధార్ కార్డు పట్టుకొని మనమే వెళ్ళాలి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ అది చేతులు మారిపోతుంది.

ఆదివారపు ఆరాధన తర్వాత ఒక అరగంట యౌవనస్థుల కూటమివారు వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటే, పెద్దల ఫోన్లలో వోల్టీ ఆన్ చేయడం, ఫిర్యాదు నంబరు రాసి ఇవ్వడం, కీప్యాడు ఫోను 4జీదో 2జీదో చూసి చెప్పడం అయిపోతుంది. లాలాగూడలో ఇది మొదలుపెట్టడానికి సంఘ కమిటీ తీర్మానం కూడా అక్కరలేదు.

ప్రభుత్వం ఇప్పుడు ఇవే టవర్లను 5జీకి మారుస్తామంటోంది. హైదరాబాదులో 2025 జూన్‌లోనే క్వాంటమ్ 5జీ పేరుతో ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే సేవను బీఎస్ఎన్ఎల్ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 5జీ రాక ముందు మేము అడుగుతున్నది రెండే. టవరు ఆగిన రోజులకు గడువు పెంచండి, జిల్లా లెక్క వద్దు. 3జీ తీసేసే ప్రతి పేటలో ముందుగా తెలుగులో బోర్డు పెట్టి తేదీ చెప్పండి.