మండల దీక్ష, కాటా లెక్క

ఇంద్రకీలాద్రి మీద ఇరుముడి సమర్పించి, మాల విరమించిన మా బెజవాడ భవానీలు కొందరు తిన్నగా కాటా ఎక్కుతారు. "మండలం పాటు చుక్క ముట్టలేదు, అరకిలో తగ్గలేదు, ఇక మానడమెందుకు?" అని వారి వాదన. ఎంత విడ్డూరం! క్వార్టరు విస్కీ, అనగా 180 మిల్లీలీటర్లు, సుమారు 425 కేలరీలు. రోజుకొకటి చొప్పున 41 రోజులు మానితే కాగితం మీద రెండు కిలోలకు పైగా తగ్గవలసినదే, కాదనను. మరి రాత్రి అల్పాహారమంటూ నేతి పెసరట్లు, వాటిపై ఉప్మా, ఆపైన లడ్డూ ఆరగించినదెవరు? (అల్పమనే మాటకు ఇంతకన్న అవమానముందా!) ఊపిరి పీల్చుకున్న కాలేయాన్ని, నిశ్చింతగా నిద్రించిన ఇల్లాలిని ఏ కాటా తూచింది? మానడమెందుకని నన్ను నిలదీసేవారు, విరమణ నాటి సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టడమెందుకో మాత్రం చెప్పరేం?