సాధన బొమ్మ మీద, ఆపరేషన్ రోగికి

కొత్త వైద్యుడి కంటే పాత రోగి మేలని సామెత. రోబో ఆపరేషన్ల కాలంలో ఈ మాట మరీ గుర్తుంచుకోవలసి ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో 2023లో ఈ సౌకర్యం వచ్చింది. పల్లెల నుంచి వెళ్లే పేద రోగులకు ఇది మేలే. అయితే కోట్లు పోసి యంత్రం కొన్నంత మాత్రాన సరిపోదు. దాన్ని నడిపే చేయి తయారు కావాలి.

రోబో తనంతట తాను కోయదు. సర్జన్ కొంచెం ఎడంగా కూర్చుని, లోపలి దృశ్యం చూస్తూ మీటలు కదుపుతాడు. చిన్న రంధ్రాల గుండా రోగి ఒంట్లోకి వెళ్లిన పరికరాలు అలాగే కదులుతాయి. చేయి సన్నగా వణికినా పరికరం వణకదు. కాని వాడుకలో ఉన్న చాలా యంత్రాల్లో సర్జన్ చేతికి స్పర్శ తెలియదు. కుట్టు ఎంత బిగిసిందో కంటితోనే పోల్చుకోవాలి. బిగువు మించితే దారం తెగుతుంది, లేదా కండ చిరుగుతుంది. ఈ అంచనా సాధనతోనే వస్తుంది. ఆ సాధన ఎవరి ఒంటి మీద జరగాలి?

ట్రాక్టరు నేర్చేవాడు ముందు బీడులో తోలి, తర్వాతే చేలోకి దిగుతాడు. వైద్యంలోనూ ఇది కొత్త కాదు. కోత నేర్చుకోవడానికి బూడిదగుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. నరం గుచ్చడానికి తామరతూడు. కుట్టుపనికి గుడ్డ వాడమని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు.

నేటి నమూనాలూ అలాంటివే. రోబో చేతుల ముందు సిలికాన్ రేకు పెట్టి కుట్లు వేయించవచ్చు. వంకర తీగ మీదుగా ఉంగరం తగలకుండా దాటించవచ్చు. కోడిమాంసం మీద కోత నేర్పవచ్చు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ అహ్మద్ ఘాజీ బృందం స్కానింగుల ఆధారంగా అచ్చులు తీసి, మెత్తని జిగురు పదార్థంతో మూత్రపిండాల నమూనాలు పోసింది. కోస్తే నెత్తురులాంటి ద్రవం కారుతుంది.

ముందస్తు సాధన ఫలితం రుజువైనదే. యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది శిక్షణ సర్జన్లపై జరిపిన పరిశీలన 2002లో వెలువడింది. అది రోబోది కాదు, చిన్న రంధ్రాల గుండా చేసే పిత్తాశయం ఆపరేషన్‌ది. కంప్యూటరు మీద సాధన చేసినవారు 29 శాతం వేగంగా పని చేశారు. చేయనివారి వల్ల పిత్తాశయానికి గాయమయ్యే, పక్క భాగం కాలే అవకాశం 5 రెట్లు ఎక్కువని తేలింది.

బొమ్మ చేతిపని నేర్పుతుందే గాని, అనుకోని రక్తస్రావంలో ఏం చేయాలో అనుభవజ్ఞుడే నేర్పాలి. కనుక రెండూ కావాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సాధన గదులు పెట్టాలి. నమూనాల తయారీని పాలిటెక్నిక్‌లకు అప్పగించవచ్చు. రోబో ఉన్న ఆస్పత్రులు ఆపరేషన్లు లేని వేళల్లో యంత్రాన్ని సాధనకు ఇవ్వాలి. నమూనా మీద పరీక్ష నెగ్గినవారినే, అదీ పెద్ద సర్జన్ పక్కనుండగానే, రోగికి ఆపరేషన్ చేయనివ్వాలి.

యంత్రానికి కోట్లు మంజూరు చేసే ప్రభుత్వానికి ఈ ఖర్చు లెక్కలోది కాదు. పేదవాడి ఒళ్లు పాఠశాల కాకూడదు.