పరగడుపు పరుగు

బొల్లారములో చలికాలపు వేకువన లేచినవారికి మొట్టమొదట రెండు ధ్వనులు వినబడును. మసీదునుండి ఫజర్ అజాను ఒకటి. రాష్ట్రపతి నిలయము వైపు పోవు కంటోన్మెంటు దారిమీద బూట్ల చప్పుడు రెండవది. ఆ బూట్లలో చాలవరకు మన కళాశాల విద్యార్థులవే యని చెప్పుటకు మాకు గర్వముగా నున్నది. పోలీసు ఉద్యోగము కోరి పరుగెత్తువారు కొందరు, సైన్యములో చేరగోరి పరుగెత్తువారు కొందరు. ఏ ఉద్యోగముతోను పనిలేక, పరుగెత్తుటయే సంతోషముగా పరుగెత్తువారు కూడ ఒకరిద్దరు ఉన్నారు. వారిని చూచిన మాకు అసూయ.

తక్కినవారికి ఈ పరుగు వినోదము కాదు. 2022వ సంవత్సరపు తెలంగాణ పోలీసు కానిస్టేబులు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలసి యుండెను. ఒక్క సెకండు ఆలస్యమైనచో ఒక కుటుంబము మరల ఏండ్ల తరబడి తరువాతి ప్రకటనకై ఎదురు చూడవలసినదే.

అట్టి పరుగునకు ముందు ఏమి తినవలెనను ప్రశ్నను మేము ఇన్నాళ్లు చిన్నదిగా తలచితిమి. తెలుగు పాఠము చెప్పువారికి తిండి సంగతి యేల అని కమిటీ పెద్దలు నవ్వవచ్చును. తప్పు మాదే గనుక, నవ్వుటకు ముందు జరిగినది వినవలెనని మా మనవి.

మేమును వేకువన మైదానమునకు పోవుచుందుము. ఎం.ఏ. చదువు రోజులలో హాస్టలు మిత్రుడొకడు మాకు ఒక సూత్రము నేర్పెను: పరగడుపున పరుగెత్తిననే ఒళ్లు తేలికపడును, కొవ్వు కరగును అని. దానిని తిరుగులేని మాటగా నమ్మి, మా విద్యార్థులకును అదే బోధించితిమి. నీళ్లు త్రాగి పరుగెత్తండి, తిండి తరువాత చూచుకొందము అని ఎందరితో చెప్పితిమో లెక్కలేదు. గత డిసెంబరులో ఒకనాడు ద్వితీయ సంవత్సరపు విద్యార్థి మూడవ చుట్టులో తూలి, మోకాళ్లమీద కూలబడెను. ముఖము నిండ చల్లని చెమట, చేతులలో వణుకు. చెట్టుక్రింద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పట్టుకొని, తెలివి చక్కగా వచ్చిన పిమ్మట పంచదార కలిపిన నీళ్లు త్రాగించితిమి. పది నిమిషములకు లేచి కూర్చుండెను.

"రాత్రి ఏమి తిన్నావు బేటా?" అని అడిగితిమి.

"తినలే సార్. షాపుల పని అయిపోయి వచ్చేసరికి మెస్సు బందయింది. నిన్న మధ్యాహ్నం తిన్న, అంతే."

"మరి ఈ పూట ఎందుకు వచ్చినావు?"

"మీరే చెప్పిన్రు గద సార్, ఖాళీ కడుపుతోనే ఉరకాలని."

ఆ మాటకు మావద్ద ఉత్తరము లేకపోయెను. పదునారు, పదునేడు గంటల పస్తును మేము పరగడుపు అని పిలిచితిమి. తెలుగులో ఈ మాటలు వేరు వేరు. రాత్రి తిని, నిద్రించి లేచినవాని కడుపు పరగడుపు. ఇష్టపడి, నియమముతో తిండి మానినది ఉపవాసము. లేక మానినది పస్తు. నిఘంటువు ముందు పెట్టుకొని బ్రదుకు మాబోటివారికే ఈ భేదము తోచకపోవుట సిగ్గుచేటు. ఇదే పత్రికను ఆవలి అట్టనుండి తెరచు మా ఉర్దూ శాఖ మిత్రులకును 'నిహార్ మూఁ' అను మాట కలదు. హకీములు మందు ఎప్పుడు పుచ్చుకొనవలెనో చెప్పునప్పుడు వాడునది. అదియు పస్తు కాదు.

నాటినుండి మేము కొంత చదివితిమి. శరీరశాస్త్రము చెప్పునది కష్టమైనది కాదు. మనము తిన్న అన్నమునుండి వచ్చిన చక్కెర కొంత కాలేయములోను, కొంత కండరములలోను గ్లైకోజెన్ రూపమున నిలువయుండును. పెద్దవారి కాలేయములో ఇది సుమారు 100 గ్రాములు. కండరములలో అంతకు మూడు నాలుగింతలు. మనము నిద్రించు వేళ మెదడునకు గ్లూకోజు అందించు భారము కాలేయముది. తెల్లవారునప్పటికి దాని నిలువలో పెద్ద భాగము ఖర్చగును. కండరములలోనిది మాత్రము నిద్రలో అంతగా తరుగదు. కనుక రాత్రి కడుపునిండ తిన్న ఆరోగ్యవంతుడు వేకువన అరగంట నడచినను, మెల్లగా పరుగెత్తినను భయపడవలసినది లేదు. మా మిత్రుని సూత్రములో ఆపాటి సత్యము కలదు. కొవ్వు కరగుననుటలోను కొంత నిజమున్నది. తినక పరుగెత్తిన ఆ గంటలో కొవ్వు ఎక్కువగా ఖర్చగును. కాని దినమంతటి తిండి సమానముగా నున్నప్పుడు, కొన్ని వారముల అభ్యాసము తరువాత తిని పరుగెత్తినవారికిని తినక పరుగెత్తినవారికిని బరువులో చెప్పుకోదగిన భేదము పరిశోధకులకు కనబడలేదు. అయినను, మన పిల్లలలో కరగించుటకు కొవ్వు ఎవరికున్నదో మాకు తెలియదు.

వేగముగా పరుగెత్తుట వేరు సంగతి. వేగము హెచ్చిన కొలది శరీరము కొవ్వును విడిచి చక్కెరను అడుగును. పరీక్షకు సిద్ధమగు విద్యార్థి గంటసేపు చుట్లు కొట్టి, లాంగ్‌జంపు దూకి, షాట్‌పుట్ విసరును. రాత్రి అన్నము కూడ లేనివాడు ఈ పని చేయబూనుట, నూనె లేని దీపమును ఎగదోయుట వంటిది. కావున వ్యాయామమునకు ముందు ఏమి తినవలెనను ప్రశ్నకు మొదటి జవాబు రాత్రి భోజనము. తక్కిన జవాబులు దాని తరువాతనే.

ఆ తరువాతి జవాబు చాల చిన్నది. పరుగునకు అరగంట, ముప్పావు గంట ముందు ఒక అరటిపండు. అందు సుమారు 25 గ్రాముల పిండిపదార్థముండును. లేదా మూడు నాలుగు ఖర్జూరములు. లేదా ఒక గ్లాసు పలుచని రాగి అంబలి. ఇంటినుండి వచ్చువారు రాత్రి మిగిలిన అన్నములో మజ్జిగ, ఉప్పు కలిపిన సద్ది నాలుగు ముద్దలు తిన్నను సరిపోవును. మన అవ్వలు పొలమునకు పోవువారికి పెట్టినది అదే గదా. ఒకటి రెండు గ్లాసుల నీళ్లు. కొందరికి పాలు పడవు, పరుగులో కడుపు త్రిప్పును. ఏది పడునో అభ్యాసపు దినములలోనే తెలిసికొనవలెను గాని, పరీక్షనాడు క్రొత్త తిండి ముట్టరాదు. మధుమేహమునకు మందులు వాడువారు ఈ మాటలను విడిచి తమ వైద్యుని అడుగవలెను.

ఎక్కువ తినుట వలన గూడ ముప్పే. నిహారీ అను పేరు 'నహార్' అనగా పగలు అను అరబ్బీ మాటనుండి వచ్చినది గనుక ఉదయపు తిండికి దానిని మించినది లేదని వాదించు మిత్రుడు మాకు కలడు. పేరు సరియే, వేళ సరికాదు. కొవ్వు గల తిండి కడుపును విడుచుటకు చాలసేపు పట్టును. నిహారీ, కుల్చా, పూరీ, మిర్చి బజ్జీ తిని పరుగెత్తినవాడు తిన్నది మైదానములోనే అప్పగించి వచ్చును. పూర్తి భోజనమునకును పరుగునకును నడుమ మూడు గంటలైన ఉండవలెను. పరుగు ముగిసిన పిమ్మట మాత్రము గుడ్లు, ఉడికించిన శనగలు, పల్లీలు, ఇడ్లీ, పప్పన్నము ఏదైనను కడుపార తినవచ్చును.

ఇక చాయి. ఇరానీ చాయిని తప్పుపట్టి ఈ జంటనగరములలో బ్రదుకుట కష్టము. ఒక కప్పు చాయి, రెండు ఉస్మానియా బిస్కట్లు తిని పరుగెత్తువానికి మేము అడ్డు చెప్పము. బిస్కట్టులోని పిండి, చక్కెర కొంత ఉపకరించును. చాయి మాత్రమే త్రాగి, ఆకలి చచ్చినదని సంతోషించుట మోసము. అందును విద్యార్థినులు గమనింపవలసిన మాట ఒకటి కలదు. భోజనముతో కలిపి త్రాగిన చాయి తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. 800 మీటర్ల పరుగులో ఊపిరి అందక ఆగిపోవు బాలికను సోమరి యనుటకు ముందు రక్తపరీక్ష చేయింపవలెను.

రంజాను మాసమున పరుగు మానవలెనా అని ప్రతి ఏడు అడుగుదురు. మానవలసిన పనిలేదు, వేళ మార్చుకొనిన చాలును. కఠినమైన అభ్యాసము ఇఫ్తారు పిమ్మట కొంత ఆగి చేయవచ్చును. మెల్లని నడక ఇఫ్తారునకు ముందు గంటలో ఉండవచ్చును. కొద్దిసేపటికే ఖర్జూరము, నీళ్లు చేతికి వచ్చును గదా. సహరీ విడిచి రోజా ఉండి, దానిమీద ఎండలో పరుగెత్తుట భక్తి అనిపించుకొనదు. ఉపవాసమునకు సహరీ యున్నది, ఇఫ్తారున్నది. మా విద్యార్థి ఆనాటి పస్తునకు ఆ రెండును లేవు.

ఈ మాట స్టాఫు గదిలో ఎత్తినప్పుడు పెద్దలొకరు, మా కాలములో నీళ్లు త్రాగియే ఆడితిమి, మేమేమైన చచ్చితిమా అనిరి. వారియందు మాకు గౌరవము. కాని మన ప్రాంతపు క్రీడాచరిత్రను తలచినప్పుడు మాకు మరియొకటి తోచును. ఈ రైలుదారిమీదనే కొద్ది స్టేషన్ల దూరమున నున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956లో మెల్బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్సులలో భారత ఫుట్‌బాల్ జట్టున ఆడెను. రోమ్‌లో హంగరీమీద, పెరూమీద గోలు కొట్టెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన జట్టులో ఉండెను. ఆ జట్లకు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు; హైదరాబాదు వారు, ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చినవారు. అంతటి బలరాం 1963లో ఊపిరితిత్తుల జబ్బుచేత, ముప్పది ఏండ్లయినను నిండకయే ఆట విడువవలసి వచ్చెను. ఎంత గొప్ప ఆటగానికైనను శరీరము ఒక్కటే. నీళ్లు త్రాగి ఆడి నిలిచినవారు నేడు మనకు కథ చెప్పుచున్నారు. నిలువలేనివారు చెప్పుటకు రారు.

ఆనాటి సంఘటన పిమ్మట మేమును మరి ఇద్దరు సహోద్యోగులును వంతులవారీగా రాత్రియే బజారులో అరటిపండ్లు కొని వేకువన మైదానమునకు తీసికొని పోవుచున్నాము. సుమారు నలువది మంది వత్తురు. నెలాఖరున ఈ పని మా జేబులకు బరువే, చెప్పుటకు సిగ్గుపడము. అంతకంటె కష్టము, రాత్రి పనినుండి ఆలస్యముగా వచ్చు విద్యార్థులకు అన్నము లేకపోవుట. వారు ఎనిమిదిమంది, పేర్లు ఇక్కడ వ్రాయము, కమిటీవారు అడిగినచో విడిగా చెప్పుదుము. వారు సోమరులు కారు. పగలు తరగతులు, సాయంకాలము దుకాణములలో పని, వేకువన పరుగు.

కమిటీవారిని మేము వ్యాయామశాల అడుగుట లేదు, క్రొత్త భవనము అడుగుట లేదు. మెస్సు మూసిన తరువాత ఈ ఎనిమిదిమందికి అన్నము, పప్పు మూతపెట్టి యుంచవలెను. వేకువన అయిదు గంటలకు వంటశాల తెరచుటకు తాళపుచెవి ఒకటి మాకు ఇప్పింపవలెను. రాత్రి నానబెట్టిన శనగలు పొయ్యిమీద పెట్టుట మాకు వచ్చును.