డబ్బా మార్చేముందు ఒక మాట

మన తెలుగు శాఖ ల్యాప్‌టాపు పక్కన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఒక నల్ల డబ్బా ఉంటుంది. శనివారం శనివారం మనం పాత పద్యాలు, నాటకాలు, పాటలు వినేది దాని గుండానే. ఈమధ్య స్పీకర్లలో పాట వెనక సన్నగా ‘జుయ్‌’మని చప్పుడొస్తోంది. డబ్బా పాతబడింది, మంచిది కొందాం, చందాగా పోగేసిన ఆరువేలూ దానికే పెడదాం అని చాలామంది అంటున్నారు. మొదట నేనూ సరే అన్నదాన్నే. ఇప్పుడు వద్దంటున్నాను. ఎందుకో చెబుతాను, తప్పయితే దిద్దండి.

ఆ డబ్బాని డ్యాక్ అంటారు. ల్యాప్‌టాపులో పాట పాటలాగా ఉండదు, అంకెల్లాగా ఉంటుంది. సీడీ లెక్కలో అయితే సెకనుకు 44,100 సార్లు ధ్వని ఎత్తుపల్లాలను కొలిచి రాసిపెట్టిన అంకెలు. వాటిని మళ్ళీ కరెంటు అలలుగా మార్చి స్పీకరుకో హెడ్‌ఫోనుకో అందించడం డ్యాక్ పని. మన చెవి వినగలిగేది మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా. దానికి ఆ 44,100 కొలతలు చాలు. ఈ మార్పిడి పనిని ఇవాళ చవక డ్యాక్ కూడా చక్కగానే చేస్తుంది. ఇక బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల లోపల వాటి డ్యాక్ వాటికే ఉంటుంది. బయట ఎంత ఖరీదైనది కొన్నా వాటికి ఒరిగేదేమీ లేదు.

మరి ఆ జుయ్ చప్పుడు సంగతేమిటి? మొన్న ముగ్గురం కూర్చుని ల్యాప్‌టాపు ఛార్జరు పీకేసి, బ్యాటరీ మీద అదే పాట పెట్టాం. చప్పుడు మాయం! ఛార్జరు తగిలిస్తే మళ్ళీ హాజరు. అంటే అది కరెంటు దారిలో వస్తున్న చప్పుడు. ముందు ప్లగ్గుకు ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో చూపించాలి. అంతవరకు బ్యాటరీ మీద వింటే సరి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో పరీక్ష కూడా చేశాం. ఒక స్నేహితురాలి అన్న దగ్గర ఖరీదైన డ్యాక్ ఉంటే అడిగి తెచ్చుకున్నాం. హెడ్‌ఫోను ఒకటే, పాట ఒకటే, గట్టితనం కూడా ఒకటే ఉండేట్టు చూసుకున్నాం. ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించిందే మన చెవికి బాగున్నట్టనిపిస్తుంది. వినేవాళ్ళు కళ్ళు మూసుకోవాలి, ఏ డబ్బానో చెప్పాలి. పదేసిసార్లలో ఒకరికి ఆరు కుదిరాయి, ఒకరికి అయిదు, నాకు నాలుగు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది కదా! కళ్ళు తెరిచి విన్నప్పుడు మాత్రం ఖరీదైనదే బాగుందని ముగ్గురం అన్నాం.

అయినా మనం వినే సరుకేమిటో కూడా చూడాలి. ఘంటసాలగారి ‘పుష్పవిలాపం’ పద్యాలు 78 ఆర్‌పీఎం రికార్డుల కాలం నాటివి. ఆ రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే. ఇంకా పాత నాటక పద్యాలలో ‘శ’, ‘స’ తేడా తెలియక మనం ఎన్నిసార్లు వెనక్కి తిప్పి వినలేదు? ఆ ఊష్మాలను విడదీసి చూపేది హెచ్చు స్థాయి ధ్వని. తొలినాటి యంత్రాలు దాన్ని సరిగా పట్టుకోలేకపోయాయి. పట్టుకోనిదాన్ని డ్యాక్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? మన ఊరి బిద్రీ పాత్రనే తీసుకోండి, ఎంత నూనె రాసి రుద్దినా వెండి పొదగనిచోట మెరవదు.

డ్యాక్ మార్చాల్సిన సందర్భాలు లేవనను. మౌసు కదిపితే చాలు హెడ్‌ఫోనులో గీరినట్టు వస్తున్నా, పెద్ద హెడ్‌ఫోనుకు గొంతు చాలకపోయినా, డబ్బా పాడైపోయినా తప్పక మార్చాల్సిందే. మనకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

పట్టుకునేటప్పుడు పోయినది వినేటప్పుడు తిరిగి రాదు. ఈ మాట నాకు ఇంట్లోనే తెలిసొచ్చింది. నిరుడు మా నాయనమ్మ విసుర్రాయి పాట పాడుతుంటే ఫోనులో రికార్డు చేశాను. నేను గడప దగ్గర, ఆమె వంటింట్లో, పైన ఫ్యాను, పొయ్యి మీద కుక్కరు. మళ్ళీ ఎప్పుడైనా బాగా చేద్దాంలే అనుకున్నా. ఈ ఎండాకాలంలో నాయనమ్మ పోయింది. అరువు తెచ్చిన ఆ డ్యాక్‌లో ఆ పాటే పెట్టి విన్నాను. ఫ్యాను చప్పుడు మాత్రం చాలా స్పష్టంగా వినిపించింది. పాటలో సగం మాటలు ఇప్పటికీ నాకు తెలియవు. అడగడానికి ఆమె లేదు.

మన అవ్వల తెలుగు పుస్తకాల్లో దొరికే తెలుగు కాదు. 1956 నవంబరు 1న గీతలు మారినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతవరకు బీదరు జిల్లాలోనే ఉన్న జహీరాబాదు, నారాయణఖేడు అటువైపు వెళ్ళాయి. మన ఇళ్ళల్లో మాత్రం కన్నడం, ఉర్దూ, మరాఠీ కలిసిన తెలుగు నిలిచిపోయింది. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలు సేకరించి, వాటిమీద ఉస్మానియాలో పరిశోధన చేశారు కాబట్టి ఎన్నో పాటల మాటలు మనకు దక్కాయి. కానీ కాగితం మీద మాట నిలుస్తుంది, గొంతు నిలవదు. ఇప్పుడు గొంతును కూడా దాచుకునే వీలు మన చేతిలోనే ఉంది.

కాబట్టి నా మాట ఇది. ఆ ఆరువేలతో ఫోనుకు తగిలించే మంచి మైకు ఒకటి, గాలి చప్పుడు ఆపే స్పాంజి తొడుగు, రికార్డులు దాచడానికి రెండు పెన్‌డ్రైవులు కొందాం. మైకు వంతులవారీగా ఇంటికి తీసుకెళదాం. ఫ్యాను ఆపి, అవ్వకు జానెడు దూరంలో మైకు పెట్టి, ముందు పేరూ ఊరూ చెప్పించి, తర్వాత పాడిద్దాం. పాట అయ్యాక తెలియని మాటలకు అర్థం కూడా అడుగుదాం. ఆ రికార్డును వాట్సాపులో పంపొద్దు, నాణ్యత తగ్గిపోతుంది. తీగతోనే ల్యాప్‌టాపులోకి ఎక్కిద్దాం.

బతుకమ్మ పండుగకు సెలవుల్లో ఎలాగూ ఊళ్ళకు వెళతాం. ఒక్కొక్కరం ఒక్క గొంతు తెచ్చినా చాలు. మేడమ్‌గారు ఒప్పుకుంటే వచ్చే శనివారమే మైకు వంతుల పట్టీ ఈ పత్రిక పక్కన అతికిస్తాను. డ్యాక్ ఈ ఏడు కాకపోతే పై ఏడు కొనుక్కోవచ్చు. అవ్వలకు ఆ మాట చెప్పలేం.