బండలాగుడు చూడవచ్చునా?

ప్రశ్న: నా వయస్సు 58. రెండేళ్ళ క్రితం గుండెపోటు వచ్చింది. మా వైపు జాతరల్లో ఎద్దుల బండలాగుడు పోటీలు చూడందే నాకు తోచదు. ఇంట్లో వద్దంటున్నారు. వెళ్ళవచ్చునా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: ఇంట్లోవారి భయం ఉత్తది కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో ఐస్ హాకీ అభిమానులను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆట టీవీలో చూసినవారి నాడి సగటున 75 శాతం, అక్కడికే వెళ్ళి చూసినవారికి 110 శాతం హెచ్చింది. అంటే రెట్టింపు పైనే! వారెవరికీ గుండెజబ్బు లేదు సుమా. మీకుంది. కనుక ముందు మీ డాక్టరుకు చూపించుకోండి. ఆయన సరేనంటే వెళ్ళండి. ఆ పూట మందులు మానవద్దు. నీడపట్టున కూర్చోండి. పందేలు మాత్రం కాయకండి. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం కనిపిస్తే ఏ జత గెలిచిందో చూద్దామని ఆగక వెంటనే 108కి ఫోన్ చేయించండి.