గైడు వల్లించడం వేరు, వ్యాసం వ్రాయడం వేరు

పదో తరగతి ఆంగ్ల పరీక్ష సమీపిస్తే పిల్లల చేతుల్లో గైడ్లే కనబడతాయి. వ్యాసాలను తు.చ. తప్పకుండా వల్లె వేస్తారు. కంఠస్థం చేయడాన్ని మేము చిన్నచూపు చూడలేము; దివ్య ఖుర్ఆన్‌ను పిల్లల చేత హిఫ్జ్ చేయించడమే మా వృత్తి. అయితే అది అల్లాహ్ వాక్కు, అందులో ఒక్క అక్షరమూ మారరాదు. పరీక్షలోని వ్యాసం అటువంటిది కాదు.

తెలంగాణ ఆంగ్ల వాచకంలోని తొలి పాఠం కాళ్లూ చేతులూ లేకుండా జన్మించిన నిక్ వుయిచిచ్ గురించినది. ఆయన జీవితాన్ని వివరించమంటే గైడు జవాబు సరిపోవచ్చు. మిత్రునికి లేఖగానో, ఆయనతో సంభాషణగానో వ్రాయమంటే? వల్లించిన బిడ్డ కలం ఆగిపోతుంది. పాఠం అర్థమైన బిడ్డ తప్పులతోనైనా వ్రాస్తుంది.

ఫజ్ర్ నమాజు తర్వాత ఒక అరగంట చాలు. బిడ్డ పాఠాన్ని తల్లికి ఉర్దూలోనో తెలుగులోనో చెప్పాలి. పిదప పుస్తకం మూసి, అదే విషయాన్ని ఎనిమిది, పది చిన్న ఆంగ్ల వాక్యాల్లో వ్రాయాలి. పుస్తకం తెరచి, క్రియల కాలాన్నీ పేర్ల వర్ణక్రమాన్నీ తానే సరిచూసుకోవాలి. తల్లికి ఆంగ్లం రాకపోతే సిగ్గుపడనక్కర లేదు. "తర్వాత ఏమైంది? ఎందుకలా చేశాడు?" అని అడగగలిగితే చాలు, ఆ ప్రశ్నలే వ్యాసానికి పేరాలవుతాయి.

2023 మొదలుకొని కొన్నేళ్లు ఈ పరీక్షలు రమజాన్‌తో కలిసి వచ్చాయి. ఇఫ్తార్ వంట కూతురికి అప్పగించి, కొడుకును మాత్రం చదువుకోమనే ఇళ్లను మేమెరుగుదుము. కూతురికీ అదే ప్రశ్నపత్రం ఇస్తారు. ఆ కొద్ది దినాలు పకోడీలు తండ్రి వేయించినా ఉపవాసానికి భంగమేమీ కలగదు.