సంఘమునకు వెబ్‌సైటు: కట్టించుటకు ముందు తేల్చుకొనవలసినవి

సహకార సంఘముల పాలకవర్గములు ఈ మధ్య తఱచుగా ఒక తీర్మానము చేయుచున్నవి. సంఘమునకు వెబ్‌సైటు కట్టించుటకు నిశ్చయించితిమని మినిట్సు పుస్తకములో వ్రాసి, సంతకములు చేసి, పట్టణమునుండి ఎవరినో పిలిపించి పని యప్పగించుచున్నారు. ఆలోచన మంచిదే. విత్తనములెక్కడ దొరకునో, పంటకు గిరాకి యెక్కడ గలదో తెలిసికొనుటకు నేడు రైతు కుమారుడు మొదట చేతిలోని ఫోనునే అడుగుచున్నాడు. అందులో మన సంఘము కనబడకుండుట నష్టమే. కాని ఆ తీర్మానములలో కట్టువాని పేరుండును గాని, కట్టిన పిమ్మట నడుపువాని పేరు కానరాదు.

నా యభిప్రాయమును మొదటనే చెప్పెదను. చిన్న వెబ్‌సైటు కట్టుట కొలది దినముల పని. అందులో ఏమి వ్రాయవలెను, ఎవరు వ్రాయవలెను, దాని తాళములెవరి వద్ద నుండవలెను అను మూడు సంగతులు తేల్చుకొనుటకు రెండు నెలలు పట్టినను పట్టనిండు. అవి తేలనిచో కట్టింపకుండుటయే మేలు.

ఈ మాట కొందఱికి విడ్డూరముగా తోచవచ్చును. వెబ్‌సైటు లేని సంఘమును గుఱించి రైతునకు ఏమియు తెలియదు. కావున ఫోను చేసి యడుగును. వెబ్‌సైటు ఉండి, అందులో నిరుటి సంగతి యుండినచో, ఫోను చేయక నమ్మి వచ్చును. వరినాట్లకు ముందు పచ్చిరొట్టగా చల్లుకొనుటకు జీలుగ విత్తనములు కావలసిన రైతొకడు, గిడ్డంగిలో జీలుగ, జనుము, పిల్లిపెసర సిద్ధముగా నున్నవను పంక్తి చూచి, ఆటో కట్టించుకొని ఇరువది కిలోమీటర్లు వచ్చి, అది గడచిన యేటి మాట యని గుమాస్తా చెప్పగా తిరిగి పోవుట నేను కన్నులార చూచితిని. ఆటో కిరాయి, ఒక దినపు పని, అదను దాటకముందుండు కొలది దినములలో ఒకటి, ఈ మూడును ఆ పాత పంక్తివలన పోయినవి. ఆ రైతు మరల మన మాట నమ్ముట కష్టము.

పంక్తి పాతబడుటకు గుమాస్తా సోమరితనమే కారణమనుకొనరాదు. తొలి దినములలో వెబ్‌సైటులోని ప్రతి పుటను ఆ విద్య తెలిసినవారు హెచ్‌.టి.ఎం.ఎల్‌. అను సంకేతభాషలో చేతితో వ్రాసెడివారు. ఒక విత్తనపు ధర మార్చవలెనన్నను వారినే బ్రతిమాలవలసి వచ్చెడిది. కంటెంటు మేనేజిమెంటు సిస్టము అను ఏర్పాటు ఈ చిక్కును తీర్చినది. విషయమును ఒక చోట, రూపమును వేఱొక చోట ఉంచుట అందలి కీలకము. గుమాస్తా తెలుగులో టైపు చేసిన ధర, నిలువ, తేదీ డేటాబేసు అను లెక్కల కొట్టులో చేరును. అక్షరముల పరిమాణము, రంగు, పుట యమరిక థీము అను అచ్చులో నుండును. ఎవరైన ఆ పుటను కోరినపుడు యంత్రము రెంటిని కలిపి చూపును. బెల్లపు పాకము వేఱు, అది పోయు అచ్చు వేఱు కదా! అచ్చు మార్చుకొన్నను పాకము చెడదు. ఉత్తరము టైపు చేయగలవానికి ఈ పని అరపూటలో పట్టువడును.

ఇట్టి ఏర్పాటులు పెక్కు కలవు. ద్రూపల్ 2001లోను, వర్డ్‌ప్రెస్ 2003లోను, జూమ్లా 2005లోను వెలువడినవి. వర్డ్‌ప్రెస్‌ను మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు, బి2 అను మునుపటి సాధనమును ఆధారము చేసికొని ఆరంభించిరి. నేడు లోకములోని వెబ్‌సైటులలో ఐదింట రెండు వంతులకు పైగా దానిపై నడచుచున్నవని లెక్క. ఈ మూడును జి.పి.ఎల్‌. అను స్వేచ్ఛానుమతిపత్రము క్రింద నున్నవి. ఎవరైనను వెల లేక తెచ్చుకొనవచ్చును, వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. వెల లేకపోవుటకన్న నేను పెద్దగా నెంచునది వేఱొకటి కలదు. కట్టినవానితో పొత్తు కుదరనిచో, విషయమునంతయు మూటగట్టుకొని వేఱొక హోస్టింగు వద్దకు తరలిపోవచ్చును. ఆ పని తెలిసినవారు ప్రతి పెద్ద పట్టణములోను దొరకుదురు. నెలసరి అద్దెకు లభించు కొన్ని కంపెనీల పద్ధతులు చూచుటకు ఇంపుగా నుండును, మొదలుపెట్టుట మఱింత తేలిక. కాని అందులో కట్టుకొన్న దానిని ఉన్నదున్నట్లు ఇంకొక చోటికి తీసికొనిపోవుట సాధ్యము కాదు. ఒకరిద్దఱు గల దుకాణమునకు అది చాలును. తరతరములు నిలువవలసిన సంఘమునకు నేను వర్డ్‌ప్రెస్ వంటి దానినే సిఫారసు చేయుదును.

ఇక నేమి వ్రాయవలెనను సంగతి. మా మిషన్ పాఠశాలలో వ్యాసము వ్రాయుటకు ముందు పలకపై అంశముల పట్టిక చూపనిదే కాగితము చేతికిచ్చెడివారు కారు. సంఘముల వెబ్‌సైటులలో పెక్కింటికి ఆ పలక లేదు. తెఱచి చూడగానే అధ్యక్షులవారి పూలదండలు, శంకుస్థాపనల ఫోటోలు, ఆశయములను గుఱించి రెండు పుటల ఉపన్యాసము కనబడును. వీనికొఱకు వచ్చువారు అధ్యక్షులవారి బంధువులు తప్ప ఎవరును లేరు.

నేను సూచించు పద్ధతి యిది. కార్యాలయపు ఫోను ప్రక్కన ఒక నోటుబుక్కు దారముతో కట్టి, పదునైదు దినములపాటు, ఎవరు ఫోను చేసినను, గుమ్మములో నిలిచి అడిగినను, వారి ప్రశ్నను వారి మాటలతోనే వ్రాసికొనవలెను. "డి.ఏ.పి. వచ్చిందా?" "పాసుబుక్కు కూడా తేవాలా, ఆధార్ చాలదా?" "ఆదివారం గొడౌను తీస్తారా?" "రోటవేటరు గంటకెంత?" ఒక సంఘములో ఇట్లు వ్రాయించి చూచితిని. మొదటి వారము ముగియకముందే అవే ప్రశ్నలు మరల మరల వచ్చుట మొదలైనది. ఆ ప్రశ్నలే వెబ్‌సైటు పుటలు. నిలువలు, ధరలు ఒక పుట. పనిముట్ల కిరాయి ఒక పుట. ఏ పనికి ఏ కాగితములు తేవలెనో ఒక పుట. చిరునామా, దారి, పనివేళలు ఒక పుట. సభ్యుల పసుపు, మిరప, బియ్యము బయటివారికి అమ్మదలచినచో ఆ సరకులకు ఇంకొకటి. ఈ చివరి పుటను చదువువాడు పట్టణపు వర్తకుడు. అతడు మన ఆశయములు అడుగడు. ఏ రకము, ఎంత నిలువ, తేమ శాతమెంత, పసుపైనచో కర్కుమిన్ ఎంత, ఎన్ని కిలోల సంచి, ఎవరితో మాటలాడవలెను అని అడుగును. పరీక్ష చేయించిన కాగితము ఉండినచో అదియు చూపవలెను.

ప్రతి ధర ప్రక్కన అది వ్రాసిన తేదీ యుండవలెను. తేదీ లేని ధర పుకారుతో సమానము.

పుటలు తేలిన పిమ్మట మనిషిని తేల్చవలెను. వర్డ్‌ప్రెస్‌లో పనివారికి అంతస్తులు కలవు. అడ్మినిస్ట్రేటరు అన్నిటిని మార్చగలడు. ఎడిటరు వ్రాతను మాత్రమే మార్చగలడు. కార్యదర్శి మొదటి తాళమును ఉంచుకొని, నిలువల గుమాస్తాకు రెండవది యిచ్చిన చాలును. ఉదయము గిడ్డంగి తెఱచి నిలువల రిజిస్టరు వ్రాయుచున్నాడు గదా, ఆ వెంటనే ఐదు నిమిషములలో ఈ పుటయు సరిచేయును. అతడు సెలవుపై నున్నపుడు ఎవరు చేయవలెనో కూడ వ్రాసియుంచవలెను. ఒకే పాస్‌వర్డును అందఱును పంచుకొనుట కూడదు; ఎవరు ఏమి మార్చిరో పిమ్మట తెలియదు.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టునది పేరు సంగతి. డొమైను అనబడు ఆ పేరును మనము కొనము. కొన్ని సంవత్సరములకు నమోదు చేయించుకొందుము, గడువు తీరకముందే రుసుము కట్టవలెను. ఒక పొరుగు సంఘము తన బియ్యపు సంచులమీద వెబ్‌సైటు పేరు అచ్చు వేయించినది. ఆ పేరును కట్టిన యువకుడు తన పేరనే, తన స్వంత ఈమెయిలుతో నమోదు చేయించెను. అందులో మోసము లేదు. పని త్వరగా ముగియవలెనని అట్లు చేసెను. కొన్నాళ్లకు ఉద్యోగము దొరకి దేశాంతరము పోయెను. గడువు నోటీసులు అతని పాత ఈమెయిలునకు వచ్చినవి, చూచినవారు లేరు. గడువు తీరిన వెంటనే పేరు పోదు, మరల నిలుపుకొనుటకు కొంత వ్యవధి యిత్తురు; ఆ వ్యవధియు గడచినది. ఎవరో దానిని పట్టుకొనిరి. సంచిమీది పేరు కొట్టినవారికి జూదపు ప్రకటనలు కనబడసాగినవి. మిగిలిన సంచులన్నిటిపై నల్లసిరా పూయుటకు కూలీలను పెట్టవలసి వచ్చినది. నల్లసిరా పూసిన సంచిని కొనుటకు వర్తకుడెంత వెనుదీయునో చెప్పనక్కఱలేదు.

కావున డొమైను సంఘపు పూర్తి పేరుతోనే నమోదు కావలెను. దానికిచ్చు ఈమెయిలు, ఫోను నంబరు సంఘమువై యుండవలెను. ఉద్యోగివి కాని, కట్టువానివి కాని పనికిరావు. పాస్‌వర్డులు వ్రాసి, కవరులో నంటించి, ఇనుపపెట్టెలో దస్తావేజుల ప్రక్కన నుంచవలెను. డొమైను రిజిస్ట్రారులు మొదటి సంవత్సరము చవుకగా నిచ్చి, పిమ్మట హెచ్చు వసూలు చేయుట కద్దు. రెండవ యేటి రుసుము ఎంతయని ముందే యడుగవలెను. పదేండ్ల వఱకు ఒకేసారి కట్టు వీలు కలదు. పేరు చివర ".ఇన్" అను మన దేశపు గుర్తు 2005 నుండి అందఱికిని తేలికగా దొరకుచున్నది. సహకార సంఘములకే ప్రత్యేకించిన ".కోఆప్" అను గుర్తు 2002 నుండి కలదు గాని వెల హెచ్చు. మన లిపిలోని ".భారత్" కూడ కలదు, దానిని రెండవ పేరుగా ఉంచుకొనవచ్చును. సంచిమీద వేయుటకు, ఫోనులో చెప్పుటకు మొదటిదే చాలునని నా తలంపు.

తెలుగును గుఱించి ఒక మాట. మన కరపత్రములు ముద్రాక్షరశాలలో అను ఫాంట్లతో కూర్చబడుచున్నవి. ఆ అక్షరములను వెబ్‌సైటులోనికి ఎత్తిపోసినచో అర్థములేని ఇంగ్లీషు గుర్తులుగా మాఱును. అందుచేత కొందఱు కరపత్రమునే ఫోటో తీసి పెట్టుదురు. ఫోటోలోని అక్షరములను వెదకుట కష్టము, చిన్న ఫోనులో చదువుట కష్టము, చూపులేనివారికి వినిపించు సాధనమునకు అది మూగది. యూనికోడు తెలుగులో మరల టైపు చేయుటయే సరి. ఫోటోలను కూడ చిన్నవిగా చేసి పెట్టవలెను. ఫోనుతో తీసిన బొమ్మ మూడు నాలుగు మెగాబైట్లుండును. రెండు వందల కిలోబైట్లకు తగ్గించినను కన్నులకు భేదము తెలియదు, సిగ్నలు తక్కువగా గల చేలలో పుట త్వరగా తెఱచుకొనును.

కాపుదల సంగతి పొలముగట్టు వంటిది. వదలినచో కలుపు చేరును. వర్డ్‌ప్రెస్‌నకు జోడించు ప్లగిన్లు ఎంత తక్కువయైన అంత మంచిది, ఉన్నవానిని ఎప్పటికప్పుడు సవరణలతో తాజాగా నుంచవలెను. వెలగల థీములకు ఉచితముగా దొరకు దొంగప్రతులను ముట్టరాదు. దొంగలు తమ తలుపులను వానిలోనే అమర్చి యుంతురు. భద్రతాపత్రమునకు డబ్బడుగువాడుండినచో, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 నుండి దానిని ఉచితముగా నిచ్చుచున్నదని చెప్పుడు. వారమునకొక బ్యాకప్ తీసి, అదే హోస్టింగులో గాక వేఱొక చోట దాచవలెను. విత్తుటకు ముందు మొలకశాతము చూచునట్లు, ఆ బ్యాకప్‌ను ఒకసారి వేఱుగా నిలిపి, పనిచేయునో లేదో చూడవలెను. సభ్యుల ఆధార్ సంఖ్యలు, అప్పుల జాబితాలు వెబ్‌సైటులో పెట్టుట తగదు. సొంత వివరముల రక్షణకు 2023లో శాసనమైనది. శాసనము లేకున్నను, పొరుగువాని అప్పును వీథిలో చదువుట మర్యాద కాదు.

వాట్సాప్ గుంపు ఉండగా ఇదంతయు ఏల యని కొందఱు సభ్యులు నన్నడిగిరి. గుంపు మన సభ్యులకు మంచిదే, దానిని మానవలదు. కాని ఒక గుంపులో 1024 మందికి మించి చేరరాదు. ఉదయము పెట్టిన ధర సాయంత్రమునకు శుభాకాంక్షల క్రింద పూడిపోవును. మన సభ్యుడు కాని వర్తకునికి అది కానరాదు.

మఱికొందఱు, మొదటి దినమునుండియే వెబ్‌సైటులో అమ్మకము సాగవలెననుచున్నారు. వూకామర్సు అను ప్లగిన్‌తో కొట్టు తెఱచుట సులభమే. కిలో పసుపు కోరినవానికి ఎవరు తూచి, ఎవరు కట్టి, ఎవరు పార్సెలు వేయుదురు? పాడైనచో డబ్బు ఎవరు తిరిగి యిత్తురు? ఆహారపదార్థములకు ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఏ.ఐ. నమోదు కలదా? ఒక సంవత్సరము సరకుల పుటయు ఫోను నంబరును మాత్రముంచి, ఎన్ని ఫోనులు వచ్చునో లెక్క వ్రాసి, ఆ లెక్కను చూచి కొట్టు సంగతి తలపెట్టుట మేలు.

మన పాలకవర్గము ముందుకు ఈ తీర్మానము త్వరలో రానున్నది. అందులో కట్టుబడి ఖర్చు ఒక్కటే చూపక, ఏటేటి డొమైను, హోస్టింగు రుసుములను జమాఖర్చు అంచనాలో వేఱు పద్దుగా చేర్పుడని మనవి. నోటుబుక్కును సోమవారమే నేను ఫోను ప్రక్కన కట్టెదను. సభ్యులు అడుగదలచినవి అడుగుదురుగాక. అడుగునపుడు గుమాస్తా వ్రాసికొనువఱకు కొంచెము నిలువుడు.